పదకొండింటికి ఆపేసిన బ్యాకప్

మా చిన్నల్లుడు రోజూ పొద్దున పదకొండింటికి వెయ్యిమందికి ఊపిరాడకుండా చేసేవాడు. వెయ్యి అంటే కాస్త ఎక్కువే చెప్పాను. ఆసుపత్రి వాచ్‌మన్ లెక్కన రెండొందల పైచిలుకు. ఆగింది ఊపిరి కూడా కాదు, కంప్యూటర్లు.

అతను ఆ ఆసుపత్రిలో రోగుల రికార్డులుండే డేటాబేస్ చూస్తాడు. ఒకవైపు పని సాగుతుండగానే దానికి నకలు తీయాలి. దాన్నే ఆన్‌లైన్ బ్యాకప్ అంటారు. వాడేవాళ్ళకు తెలియను కూడా తెలియదని అమ్మినవాళ్ళు చెప్పారట. రాత్రిళ్ళు ల్యాబు రిపోర్టులతో మిషన్‌కు ఖాళీ ఉండదని పదకొండింటికి ముహూర్తం పెట్టారు. నకలు మొదలైతే చాలు, ఒక్క ఓపీ చీటీకి నాలుగు నిమిషాలు పట్టేది.

తిట్లన్నీ కౌంటరులో కూర్చునే ఆమెకే; అల్లుడు ఆమెను అక్కయ్య అంటాడు. ఆమె ఫోన్ చేసేది.

"తమ్ముడూ, లైను గేటు దాటింది. ఒకాయన నన్ను నిద్రమొహం అన్నాడు. నిద్రపోతోంది నేనా, నీ మిషనా?"

"ఇంకో గంట ఓర్చుకో అక్కా."

"గంటా? ఇక్కడో పిల్ల జ్వరంతో నేలమీద పడుకుంది. నువ్వే వచ్చి దానికి చెప్పు, ఓర్చుకోమని."

అతను వెళ్ళి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. తిరిగొచ్చి బ్యాకప్ ఆపేశాడు. రేపు తీద్దాంలే అనుకున్నాడు. మర్నాడూ ఫోన్ మోగింది. అలా పదకొండు రోజులు. లైను చకచకా కదిలింది.

పన్నెండో రోజు డిస్కు పోయింది. పాత నకలు ఎక్కించి చూస్తే ఆ పదకొండు రోజులూ లేవు. పరీక్షలకు రక్తమిచ్చినవాళ్ళను మళ్ళీ ఇమ్మన్నారు. ఆ జ్వరం పిల్లను తల్లి మళ్ళీ ఎత్తుకొచ్చింది. కిందటిసారి ఏ మందు పడక ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయో ఎక్కడా లేదు. తల్లికి పేరు గుర్తులేదు.

ఎవరు ఆపారో తేలితే ఉద్యోగం ఊడుతుంది. విచారణలో అక్కయ్య నోరు విప్పలేదు. అల్లుడు కంచం ముందు కూర్చుంటాడు, ముద్ద ఎత్తడు. మా అమ్మాయి అడిగి అడిగి మానేసింది. నాకు మాత్రం ఒక్కసారి, మెట్లమీద కూర్చుని, మొత్తం చెప్పాడు.

"పోనీ ఒప్పేసుకో బాబూ, గుండె బరువైనా దిగుతుంది" అన్నాను.

లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఇది రాసి నిన్న చదివి వినిపించాను. గోడవైపు చూస్తూ విన్నాడు.

"అంతా అబద్ధం మామయ్యా. నేను ఒక్కరోజు కూడా బ్యాకప్ ఆపలేదు."