మౌనిక వాళ్ల బావ కంటే ముందు నేను కనిపెట్టిన బ్యాండు

కుదరబోయే పెళ్లిని చెడగొట్టడానికి ఊళ్లో చాలామంది ఉంటారు. కానీ మెదక్ నుంచి బస్సెక్కి హైదరాబాదు దాకా వెళ్లి, నిండు సభలో మైకు పట్టుకుని, తన పెళ్లిని తానే చెడగొట్టుకున్నంత పని చేసినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. పేరు నర్సింలు. బస్టాండు దగ్గర బోరు మోటార్ల షాపు. ఈ ఘనకార్యం నాటికి నేనింకా బ్రహ్మచారిని. జీవితాంతం అలాగే ఉండిపోవడానికి ఎంత కృషి చేశానో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఆ ఏడు రామాయంపేటకు పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి పేరు మౌనిక, నిజాంపేట మండలంలో వ్యవసాయ శాఖ ఉద్యోగి. ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడుతుంది. నాకు అక్కడికక్కడే నచ్చేసింది. చాయ్ గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నాను.

"మీరు పాటలు వింటరా?" అని అడిగింది.

"మస్తు వింట."

"సినిమా పాటలు కాదు. సొంతంగ రాసుకొని సొంతంగ పాడుకునే చిన్న చిన్న బ్యాండ్లుంటయి గద, అవి."

"నేను వినేటియే అవి. సినిమా పాటలు నాకు పడనే పడవు" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

"మా బావకు ఇసొంటియి మస్తు తెలుసు. ప్రతి వారం హైదరాబాద్ల ఏదో ఒక ప్రోగ్రాంకు పోతడు. ఎవ్వలికి తెలవకముందే కొత్త బ్యాండ్లను కనిపెడ్తడు."

బావ. మేనత్త కొడుకు. పెళ్లిచూపుల్లో అమ్మాయి నోటి నుంచి వినకూడని మాట ఏదైనా ఉంటే అదే. మన దగ్గర మేనబావ ఉన్న అమ్మాయంటే బస్సులో ముందే రుమాలు వేసిన సీటు. అతను ఎక్కకపోతేనే మనకు చోటు.

"నాకు జర టైం ఇయ్యుండ్రి. ఆలోచించుకొని చెప్త" అంది మౌనిక. ఫోను నంబరు మాత్రం ఇచ్చింది.

ఆ నంబరు నుంచి నాకు ప్రేమ సందేశాలు వచ్చాయనుకుంటున్నారేమో. బావ పంపిన వీడియోలు వచ్చాయి. ఒకదాంట్లో ఓ పిల్లవాడు బాల్కనీ గురించి, దాని మీద ఆరేసిన బనీను గురించి పాడాడు. ఇంకోదాంట్లో ఒకమ్మాయి ఖాళీ సీసాలో ఊదింది. మరోదాంట్లో నలుగురు స్టేజీ మీద నిలబడి ఎంతసేపటికీ ఏమీ చెయ్యలేదు.

"ఆ నిశ్శబ్దం గూడ పాటనే అంట. బావ చెప్పిండు" అంది ఫోన్లో.

"అవు. దాంట్ల రాగం మంచిగున్నది" అన్నాను.

నిజం చెబుతున్నాను, కుళ్లుకున్నాను. మామూలుగా కాదు. ఆ బావ పేరు అభిలాష్. ఫొటోలో జుట్టు వెనక్కి కట్టి, ప్రపంచంలోని సంగీతమంతా తన పూచీ మీదే నడుస్తున్నట్టు నవ్వుతుంటాడు. ఆ పిలక చూస్తేనే నాకు అన్నం సహించేది కాదు. అయినా కనిపెట్టడమంటే ఏమిటండీ? వాళ్లు అక్కడ పాడుతూనే ఉన్నారు, ఈయన వెళ్లి కూర్చున్నాడు. నేను రేగోడ్ దాకా వెళ్లి బోరులో జారిపోయిన మోటార్లను పైకి తీసుకొచ్చాను. ఒక్కరైనా 'నర్సింలు మోటారును కనిపెట్టాడు' అన్నారా?

ఇలా ఉడికిపోతుండగా మౌనిక ఫోను చేసింది. "ఆదివారం హైదరాబాద్ల ఒక తోటల పాటల పండుగ ఉన్నది. అన్ని కొత్త బ్యాండ్లే. నేను, బావ పోతున్నం. మీరు గూడ రాండ్రి. నా మాటేందో ఆడనే చెప్త."

మా షాపులో మోటార్లకు వైండింగు చేసే యాదగిరికి సంగతంతా చెప్పాను.

"ఏముంది సేటు, ఆయన కంటే ముందుగాల పో. పోయి ఒక కొత్త బ్యాండును పట్టు" అన్నాడు.

"పట్టి ఏం జెయ్యాలె?"

"శాలువా కప్పు."

మీకు నవ్వు రావచ్చు, నాకు మాత్రం కళ్లు తెరుచుకున్నాయి. మా మెదక్‌లో ఎస్సై బదిలీ మీద పోతే శాలువా, కొత్త ఎస్సై వస్తే శాలువా, పిల్లాడు ఇంటరు గట్టెక్కితే వాడి లెక్చరరుకు శాలువా. ఒక మనిషికి ఎవరు ముందు శాలువా కప్పి ఫొటో దిగితే, ఆ మనిషిలోని గొప్పతనాన్ని వారే ముందు గుర్తించినట్టు. దానికి తిరుగులేదు. అభిలాష్ దగ్గర ఏముంది? ఉత్త వీడియోలు. నా దగ్గర జరీ అంచు శాలువా ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, సాయంత్రం మొదలయ్యే పండుగకు మిట్టమధ్యాహ్నమే చేరుకున్నాను. తోటలో జనం లేరు. ఒక మూల చిన్న స్టేజీ మీద మాత్రం నల్ల టీషర్టుల్లో ముగ్గురున్నారు. నేను గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఏకైక శ్రోతను.

ఒకతను డ్రమ్ము మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆగాడు. అదే దెబ్బ మళ్లీ కొట్టాడు. రెండో అతను గిటారు మీద ఒక్క తీగ మీటి దూరంగా ఆకాశంలోకి చూశాడు. మూడో అతను, బక్కపలచని మనిషి, మైకు దగ్గరికి వచ్చి కళ్లు మూసుకుని, "నాకు నేను వినవడ్తలేను" అన్నాడు. కాసేపాగి, "ఇంకొంచెం పైకి... ఇంకొంచెం పైకి" అన్నాడు.

నా ఒళ్లు జలదరించింది. నాకు నేను వినబడటం లేదు. ఎంత మాట! బోరు మోటార్ల మోతలో బతికేవాడిని, నా సంగతి ఇతనికెలా తెలిసింది? మైకు టెస్టింగేమో అన్న అనుమానం మీకు వచ్చింది కదూ. నాకు రాలేదు. మా ఊళ్లో మైకు టెస్టింగంటే 'హలో హలో' అని గొంతు పగిలేలా అరుస్తారు. పైగా సీసాలో ఊదడాన్నీ, నలుగురు ఊరికే నిలబడటాన్నీ పాటలుగా ఒప్పుకున్నవాడిని. ఇది వాటికంటే చాలా నయం.

వెంటనే మౌనికకు మెసేజి పెట్టాను. "కొత్త బ్యాండు దొరికింది. పాట పేరు 'నాకు నేను వినవడ్తలేను'."

జవాబొచ్చింది. "ఎవరు వాళ్లు? బావకు గూడ తెల్వదంట."

బావకు కూడా తెలియదు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు. మా షాపుకు బోర్డు రాయించిన రోజు కూడా నేనంత సంతోషపడలేదు.

బక్కపలచని మనిషి కిందికి దిగాక పలకరించాను. "అన్నా, ఎన్నేండ్ల సంది చేస్తున్నరు గిది?"

"శాన ఏండ్లాయె."

"ఎవలన్న గుర్తువట్టిండ్రా మిమ్మల్ని?"

"మమ్మల్ని ఎవలు గుర్తువడ్తరన్నా. మేం మంచిగ జేస్తే ఎవ్వలు సూడరు. కుయ్యిమని సప్పుడొస్తే అందరు మా దిక్కే సూస్తరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇయ్యాలటి సంది గుర్తువడ్తరు" అని భుజం తట్టాను. అతను నన్ను ఒకసారి కింద నుంచి పైదాకా చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి తోట నిండింది. ముందు వరసలో మౌనిక, పక్కనే పిలక. ఆ ముగ్గురూ స్టేజీ మీద వైర్లు సవరిస్తూ కనబడగానే నేను శాలువా తీసుకుని మెట్లెక్కాను. మైకు పట్టుకున్నాను. మధ్యాహ్నమంతా వాళ్లు కష్టపడి సరిచేసిన మైకు కదా, నా గొంతు తోటంతా ఖంగున మోగింది.

"అందరికి నమస్కారం. నేను మెదక్ నుంచి వచ్చిన. కొంతమంది మేమే బ్యాండ్లను కనిపెడ్తం అనుకుంటరు." ఇక్కడ పిలక వైపు చూశాను. "కని ఈ ముగ్గురు కళాకారులను ముందుగాల నేనే గుర్తువట్టిన. మెదక్ ప్రజల తరఫున సన్మానం."

శాలువా కప్పేశాను. బక్కపలచని మనిషి దాన్ని చేత్తో తడిమి చూసుకుని, మైకు దగ్గరికి వంగాడు.

"అన్నా, మేం బ్యాండు కాదు. సౌండోళ్లం. బ్యాండోళ్లు అగో, ఆడ నిలవడ్డరు."

తోట గొల్లుమంది. నేను అక్కడితో దిగి ఉంటే బాగుండేది. దిగలేదు.

"మరి గా పాట?"

"ఏ పాటన్నా?"

"నాకు నేను వినవడ్తలేను."

"అది పాట గాదు. స్టేజీ మీది బాక్సుల సౌండు తక్కువున్నది, గందుకే అట్లన్న."

"ఇంకొంచెం పైకి?"

"అది గూడ గదే."

ఆ నవ్వులకు చెట్ల మీది కాకులు లేచిపోయాయి. ఎలా దిగానో నాకు తెలియదు. తిండి స్టాళ్ల వెనక ఒక మంచినీళ్ల డ్రమ్ము చాటున కూర్చుని, ఇక నాకు పెళ్లి లేదని తేల్చేసుకున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా అభిలాష్. అతని వెనకాల మౌనిక.

"బ్రో, మస్తు చేసినవ్" అన్నాడు అభిలాష్. "కొత్త కమెడియన్‌వని చెప్పనే లేదు. సౌండోళ్లను గూడ మంచిగ సెట్ చేసుకున్నవ్. నేనైతే వీడియో పెట్టిన, సూడు."

చూశాను. శాలువాతో నేను, నోరు తెరుచుకుని. కింద అతని రాత: 'మెదక్ నుంచి కొత్త కమెడియన్. ఈయన్ని అందరికంటె ముందుగాల నేనే కనిపెట్టిన.'

ఒక్క బ్యాండునైనా అతని కంటే ముందు కనిపెడదామని వచ్చిన నన్ను అతను కనిపెట్టేశాడు. ఏడవాలో తిట్టాలో తెలియక మౌనిక వైపు చూశాను. ఆమె తన ఫోనులో ఆ వీడియో కిందే ఏదో రాస్తోంది. రాసి, నా ముఖం ముందు పెట్టింది.

'నీకంటె ముందుగాల నేను కనిపెట్టిన బావా, పెళ్లిచూపుల నాడే. మా నాయినకు గూడ చెప్పు, ఈ సంబంధం నాకిష్టమే.'

కనుక పాఠకులారా, నా భార్య సాక్షిగా, మా షాపులోని సమస్త మోటార్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కార్యక్రమం మొదలయ్యేదాకా ఇక ఎవరికీ శాలువా కప్పను. బావ మీద కుళ్లుకోనని మాత్రం ప్రమాణం చెయ్యలేను. పొద్దున్నే మరో కొత్త బ్యాండు పంపాడు, పాట నిజంగానే బాగుంది.