నక్షత్రం లైటుకు కొత్త హోల్డర్

ఈ వయసులోనూ నిచ్చెన ఎక్కితే కాలు వణక్కుండా నిలబెడుతున్న దేవునికి ముందుగా స్తోత్రం. మొన్న ఆరాధన ముగిశాక మా సంఘం యువకులు వేదిక మీది ఎల్‌ఈడీ లైటు వెలగడం లేదని, విప్పనైనా విప్పకుండా చెత్తలో వేస్తుంటే, కలకత్తా పక్కనున్న లిలువాలో క్రిస్మస్ నాటకానికి నేను లైట్లు కట్టిన రోజులు, బెంగాల్లో ఎర్రజెండా పార్టీల కాలం గుర్తుకొచ్చింది.

అక్కడి రైల్వే వర్క్‌షాపులో రోజూ పని దిగాక కలకత్తా నాటకశాలల్లో ఒక బెంగాలీ దాదా దగ్గర లైట్ల పని నేర్చుకున్నాను. లైటు ఆగిపోయాక ఎవరైనా మారుస్తారు, ఆగబోతోందని పసిగట్టడమే మన పని అనేవాడాయన. బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే బల్బును తిట్టకుండా హోల్డర్ చూడాలి; లోపలి ఇత్తడి నాలుక నల్లబడి గుంటలు పడితే ఎంత మంచి బల్బయినా నిలవదు.

లిలువాలోని మా తెలుగు సంఘంలో బేత్లెహేము నక్షత్రానికి వాడే పెద్ద లైటు సరిగ్గా ఆ స్థితికే వచ్చింది. అది, చనిపోయిన మామయ్య జ్ఞాపకార్థం మా మేనత్త ఇచ్చినది, పాస్టరుగారు ప్రార్థించి ప్రతిష్ఠించినది. అందుచేత బల్బు తప్ప మరేదీ ముట్టకూడదని పెద్దల పట్టుదల. ఆ ఏడాది దూది రెక్కలు కట్టుకున్న పిల్లలు దేవదూతలై సరిగ్గా దాని కిందే నిలబడాలి.

"ఎలుగుతోంది గదరా, ఇంకేటి నీ గోల? మీ మావ గుర్తుని ముక్కలు సేస్తావేటి?" అంది అత్త, సంఘమంతా వింటుండగా.

మామయ్య మీద నాకూ ప్రేమ తక్కువేం కాదు. అయినా హోల్డరూ, ఆ వేడికి చెడే వైర్లూ మార్చందే పిల్లల తలల మీద ఆ లైటు కట్టనని, కావాలంటే నక్షత్రం లేకుండానే నాటకం ఆడమని చెప్పేశాను. పెద్దలు ముఖాలు తిప్పుకున్నారు. నేను మాట తిప్పలేదు. చివరికి అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రార్థన చేసి, ఆవిడ కళ్లెదుటే మర విప్పాను. వైరును కాస్త వంచానో లేదో, పైతొడుగు కాల్చిన అప్పడంలా పొడిపొడై ఆవిడ అరచేతిలో రాలింది. లోపలి రాగితీగ బయటపడింది.

అత్త ఆ పొడిని వేలితో కదిపి చూసింది.

"మీ మావా ఇంతేరా. పైకి నవ్వీవోడు. గుండెలో నొప్పని ఒక్కనాడూ సెప్పనేదు," అని, కొంగుతో కళ్లొత్తుకుంది. "మార్సీరా. పై డబ్బా మాత్రం ఉంచు."

ఆ క్రిస్మస్‌కు నక్షత్రం నిశ్చింతగా వెలిగింది. ముందు వరుసలో కూర్చున్న అత్త మాత్రం లైటు వైపు చూడలేదు, దాని కింద పాడుతున్న పిల్లల వైపే చూసింది.

ఇప్పటి లైట్లకు విప్పడానికి మరలే కనబడవు. మనుషులకూ ఒకరి దగ్గర ఒకరు కూర్చుని లోపలిది చూపించుకునే తీరిక కనబడదు. పైకి వెలుగుతూ లోలోపల పొడైపోతున్నవారు మన పక్క బల్లమీదే ఉండవచ్చు. వారు ఆరిపోకముందే మన కంటికి ఆనేలా దేవుడు దయచేయాలని, చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి.