మా డ్రైవర్ చాచా, ఆయన ఓడిపోయే జట్టు

మా డ్రైవర్ చాచా పోయాడు. సెలవు ముగించుకుని చాచా వాళ్ళ జగిత్యాల నుంచి తిరిగొచ్చిన ప్లంబర్ ఒకతను ఈ అరబ్బు దేశంలో మా లేబర్ క్యాంపు మెస్సులో కంచం ముందు కూర్చుంటూ ఈ మాట చెప్పాడు. మధ్యాహ్నం నమాజుకని లేచి, గుండె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడట. ఆసుపత్రిదాకా తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదట. అబద్ధమెందుకు చెప్పాలి, నాకు ఏడుపుకంటే ముందు ఒళ్ళు మండింది. దేవుడి మీద కాదు. ఆ ఫుట్‌బాల్ క్లబ్బు మీద.

ఆ క్లబ్బు పేరు రాయను. సల్మాబాద్‌కి కాస్త అవతలున్న ఊరి క్లబ్బు, ఆటగాళ్ళవి పచ్చ జెర్సీలు. అంతకంటే చెబితే వాళ్ళని గొప్పవాళ్ళని చేసినట్టవుతుంది. చాచా ఏళ్ళ తరబడి వాళ్ళని నమ్ముకున్నాడు. వాళ్ళేమో కిందటి సీజనంతా ఓడి, ఓడి, ఫస్ట్ డివిజన్ నుంచి జారి పడ్డారు. పడితే పడ్డారు, పడేముందు మా చాచా బతుకులో ఒక వారం తినేసి మరీ పడ్డారు. ఆయన బతుకులో ఇక మిగిలినవే కాసిని వారాలని అప్పుడు ఎవరికి తెలుసు?

చాచా మా కంపెనీ బస్సు నడిపేవాడు. పొద్దున సల్మాబాద్ క్యాంపులో మమ్మల్ని ఎక్కించుకుని మామీర్ పక్కనున్న ఫ్యాక్టరీల దగ్గర దింపి, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. నేను అమలాపురం వైపు వాణ్ణి, వెల్డర్ని. ఆయన సీటు వెనకే నా సీటు. ముందురోజు మ్యాచ్ ఉంటే ఎవరూ స్కోరు అడగనక్కర్లేదు, బస్సు నడిచే తీరే చెప్పేది. డ్రా అయితే పాటల క్యాసెట్ సన్నగా మోగేది. ఓడితే క్యాసెట్ ఉండదు, ప్రతి సిగ్నల్ దగ్గరా మా తలలు ముందు సీటుకి కొట్టుకునేవి. కిందటి ఏడాది మా నుదుళ్ళు బొప్పి కట్టని వారం లేదు. గెలిస్తే ఎలా నడిపేవాడని అడక్కండి, గుర్తుంచుకునేటన్నిసార్లు వాళ్ళు గెలిస్తేగా!

"ఎందుకు చాచా, ఆళ్ళంటే మీకంత ఇది?" అని ఒకరోజు అడిగేశాను.

"నేనొచ్చిన కొత్తల," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎండలు మండుతున్నయి. బండి గా క్లబ్బు గేటు ముంగట ఆగిపోయింది. బండి నిండ లేబర్, ఒక్కొక్కడు సొమ్మసిల్లుతుండు. కార్లల్ల పోయేటోళ్ళు హారన్ కొట్టిన్రు గని ఒక్కడు దిగలె. గీ పోరగాండ్లు ఆట ఇడిచిపెట్టి ఉరికొచ్చి తోసిన్రు. తాగనీకె నీళ్ళిచ్చిన్రు. గది మర్వాల్నా?"

"ఆ తోసినోళ్ళు ఎప్పుడో ఆట మానేసుంటారు. ఇప్పుడున్నోళ్ళు బంతే తొయ్యలేపోతన్నారు కదండీ!"

"పచ్చ అంగీ గదే గదరా," అన్నాడు. అంతే, దానిమీద ఇక చర్చ లేదు.

ఆయన వాళ్ళని ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. 'మనోళ్ళు' అనేవాడు. ఈ మాట వల్లే ఒక శుక్రవారం పెద్ద రభస జరిగింది. "మనోళ్ళ మ్యాచ్ ఉన్నది, బండిల తీస్కపోత, అందరు రాండ్రి" అని క్యాంపులో చెప్పాడు. మా వైపు నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళు, మనోళ్ళంటే తెలుగువాళ్ళే అనుకున్నారు. సాయంత్రానికి పుకారు చిలవలు పలవలయింది. తెలుగువాళ్ళ జట్టు పక్కనే సనాబిస్ ఊళ్ళో ప్రాక్టీసు చేస్తోందని ఒకడు, కీపరు కాకినాడవాడేనని ఇంకొకడు. అందరూ ఇస్త్రీ చొక్కాలు తొడిగి, సెంటు పూసుకుని, పెళ్ళికి వెళ్ళేవాళ్ళలా బస్సెక్కారు.

తీరా గ్రౌండులో కూర్చున్నాక మా రూమ్మేట్ తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనోళ్ళేరి చాచా?"

"అగో, గా పచ్చ అంగీలు."

"అయ్యబాబోయ్! ఆళ్ళు అరబ్బోళ్ళండీ బాబూ!"

"అయితే ఏంది? మనోళ్ళే."

"మరి కాకినాడ కీపరో?" అని ఎవడో దీనంగా అడిగాడు. బస్సు తాళాలు చాచా జేబులో ఉన్నాయి. ఆట అయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదు. మేమంతా తిట్టుకుంటూ చూశాం. వాళ్ళు యథాప్రకారం ఓడారు.

ఆ రోజు నుంచి మేము ఎగతాళికి 'మీవోళ్ళు' అనడం మొదలుపెట్టాం. మీవోళ్ళు మళ్ళీ ఓడారంటగా చాచా, అని. ఆయనకి ఎంత కోపమొచ్చేదో! "మీవోళ్ళంటవేందిరా? గీ నీళ్ళు తాగుతలేవా? గీ రొట్టె తింటలేవా? నాకొక్కనికే ఎట్లయితర్రా?" అని బస్సు పక్కకి ఆపి మరీ పోట్లాడేవాడు.

ఇప్పుడాలోచిస్తే నాకు కడుపు మండిపోతుంది. ఈ దేశంలో మాది అని చెప్పుకోడానికి మాకేముంది? మంచం కంపెనీది, పాస్‌పోర్టు మా వీసా యజమాని, ఆ కఫీల్ బీరువాలో ఉంటుంది. అలాంటి చోట ఈ మనిషి 'మన' అనే మాటని తీసుకెళ్ళి ఎవరికి ఇచ్చాడో చూడండి! ఇవ్వక ఇవ్వక ఆ చవట జట్టుకి ఇచ్చాడు. ఆ మాట విలువ వాళ్ళలో ఒక్కడికైనా తెలుసా? మా చాచా అనేవాడొకడు ఉన్నాడనే తెలియదు వాళ్ళకి.

కిందటి సీజను సంగతి చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. కోచ్‌ని మధ్యలో తీసేసి క్లబ్బు పెద్దాయన బావమరిదిని కూర్చోబెట్టారు. అతనికి విజిల్ ఊదడం తప్ప ఇంకేమైనా వచ్చని నాకు నమ్మకం లేదు. కీపరు పెనాల్టీ అంటే కళ్ళు మూసుకునేవాడు. ఇక సెంటర్ ఫార్వర్డ్ ఒకడున్నాడు, నూనె రాసిన పొడుగు జుట్టు. బంతి ఇటు వస్తుంటే వాడి చెయ్యి జుట్టు మీదికి పోయేది. వీళ్ళకి ఉద్యోగాలు ఇప్పించి, బూట్లు కొనిచ్చి, ఆడమని గ్రౌండు ఇస్తే వీళ్ళు చేసింది ఇది. ఎండలో ఇనుము అతికేవాడికి కూడా అతుకు సరిగా పడకపోతే సిగ్గేస్తుంది. వీళ్ళకి వెయ్యలేదు.

"ఓడుడు తప్పు గాదు బేటా, ఉరుకకపోవుడు తప్పు," అనేవాడు చాచా. ఆ సీజన్లో ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

అలా నెట్టుకొచ్చి చివరి మ్యాచ్ దగ్గర పడ్డారు. అది గెలిస్తే ఫస్ట్ డివిజన్లో ఉంటారు, లేకపోతే దిగిపోతారు. సరిగ్గా అప్పుడే చాచా కాంట్రాక్టు అయిపోయింది. ఖలాస్, ఇక తిరిగి వచ్చేది లేదు. మ్యాచ్‌కి వారం ముందే ఆయనకి టికెట్టు వచ్చింది. అక్కడ చాచీ ఇల్లంతా సున్నం వేయించి, చుట్టాలకి కబురుపెట్టి ఎదురుచూస్తోంది. ఈయన మేనేజర్ ముందుకెళ్ళి ఏమడిగాడో తెలుసా? టికెట్టు ఒక వారం వెనక్కి జరపమన్నాడు. ఆ మేనేజర్ తన జన్మలో అలాంటి అర్జీ విని ఉండడు. ముందు పంపమని ఏడ్చేవాళ్ళేగాని ఆపమని అడిగేవాళ్ళు ఉంటారా? నవ్వి సరేనన్నాడు. చాచీ మాత్రం నవ్వలేదు. ఆట కోసం ఆగుతున్నానని చెప్పగానే ఫోన్ పెట్టేసిందని ఆయనే చెప్పాడు.

"మీకేమైనా బుద్ధుందా చాచా?" అన్నాను నేను కూడా.

"నడిమిట్ల ఇడిచిపెట్టి పోతే మంచిగుంటదార?" అన్నాడు.

చివరి మ్యాచ్‌కి ఆయనతో నేనూ వెళ్ళాను. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా చెరో గోల్ మీద ఉన్నారు. బంతి దొర్లుకుంటూ వచ్చి జుట్టువాడి కాళ్ళ ముందు ఆగింది. అవతలి కీపరు జారి పడిపోయి ఉన్నాడు. ఎదురుగా గోల్ మొత్తం ఖాళీ. మా అమ్మమ్మ కొట్టినా పడేది. చాచా నా భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. వాడు తాపీగా కొట్టాడు. బంతి గోల్ పైనుంచి ఎగిరి గోడ అవతల ఖర్జూరం తోటలో పడింది. ఆ తర్వాత అవతలివాళ్ళొచ్చి గోల్ కొట్టి వెళ్ళారు.

ఆట అయ్యాక ఆ జుట్టువాడు ఏం చేశాడనుకున్నారు? ఎవడితోనో నవ్వుతూ మాట్లాడి, కారు అద్దంలో చూసుకుని తల దువ్వుకుని వెళ్ళిపోయాడు. నేను తట్టుకోలేక నోటికొచ్చినట్టు తిట్టాను. బస్సులో కూర్చున్న చాచా స్టీరింగ్ మీద చెయ్యేసి, "నోరు మూస్కో," అన్నాడు. "నేను తిడితే ఇంట్లోడు తిట్టినట్టు. నువ్వు ఎన్నడన్న మనోళ్ళన్నవా?" సల్మాబాద్ చేరేదాకా ఒక్క బ్రేకు కూడా గట్టిగా పడలేదు. నాకు ఆ మెత్తదనానికే భయం వేసింది.

మర్నాడు వెళ్ళిపోయాడు. ఎండల్లో ఇల్లు చేరిన మనిషి చలికాలం దాటకుండానే పోయాడు. ఆ వారం చాచీదండీ! భర్త పరాయి దేశంలో ఉన్నన్నాళ్ళూ ఒంటిగా ఇల్లీదుకొచ్చిన ఆమెకి దక్కాల్సిన వారం. దాన్ని తీసుకెళ్ళి ఆ వెధవల కాళ్ళ దగ్గర పోశాడు, వాళ్ళు తన్ని పారేశారు.

మొన్న శుక్రవారం ప్లంబర్ దగ్గర నంబరు తీసుకుని, క్యాంపు దగ్గరున్న ఫోన్ బూత్ నుంచి చాచా ఇంటి పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాను. చాచీని పిలిపించారు. ఆ వారం గురించి ఏమంటుందో తెలియదు. తిడితే పడదామనే నిలబడ్డాను.

"వెల్డర్ పోరనివి నువ్వేనా బేటా? నీ ముచ్చట మస్తు జెప్పిండు," అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత, "గా ఆట కోసం ఆగుతనంటె నేను మస్తు కొట్లాడిన. కని గెలిచి వచ్చినంక ఆయన మొకం జూసి ఊకున్న. గల్లీల అందరికి జెప్పుకున్నడు. ఆఖరికి కొట్టిన్రట గద, గెలిచిన్రట గద!" అంది.

చాచా ఆమెతో అబద్ధం చెప్పాడన్నమాట. ఆ వారం ఊరికే పోలేదని ఆమెకి చెప్పుకోడానికి ఆ పిచ్చి మనిషికి ఇంకేం దొరుకుతుంది? ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలిగా.

"గెలిచారు చాచీ," అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నవంట. గా గోల్ ఎట్ల కొట్టిన్రో ఒక్కసారి జెప్పు బేటా, నీ నోట ఇంట."

నా బూత్ బయట క్యూలో జనం గాజు మీద తడుతున్నారు. నా నోటితో ఆ జుట్టువాణ్ణి పొగడాలి. దేవుడా!

"ఒక కుర్రాడున్నాడు చాచీ, పొడుగు జుట్టు," అని మొదలుపెట్టాను. "ఆట అయిపోద్దనగా బంతి ఆడి కాళ్ళ కాడికొచ్చింది. అవతలి కీపరు పడిపోయున్నాడు. ఈడు అస్సలు కంగారు పళ్ళేదు. సూసి కొట్టేడు. వల చిరిగిపోద్దేమో అనుకున్నాం. చాచా అయితే..." రిసీవర్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. "చాచా అయితే గెంతులేసేడండీ."

అటు నుంచి ఏడుపులోనే నవ్వు వినిపించింది. "ఒక్కటే గొట్టిండా బేటా?"

నేను పళ్ళు కొరుక్కుంటూ, గాజుకి నుదురానించి, ఆ వెధవ చేత రెండో గోల్ కూడా కొట్టించాను.