నీలం పోయిన లెన్స్

2003 ఫిబ్రవరి 9, ఆదివారం. దువ్వాడలో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, జాలరిపేట నుంచి వచ్చిన బావ, ఆయన భార్య.

ఆ రోజు డైరీలో ఇంతవరకు సరిగానే రాశాను. కింద 'మధ్యాహ్నం భోజనాలు. వంజరం పులుసు బాగుంది' అని ముగించాను. రాయకుండా వదిలేసింది ఇప్పుడు రాస్తున్నాను.

బావ నాకు చుట్టం కాడు. మాది గోదావరి వైపు. స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చాక ఈ ఊరు నేర్పిన పిలుపు అది. ఆయన పోర్టులో ఫోటోలు తీసేవాడు: దెబ్బతిన్న సరుకు, వంగిపోయిన క్రేన్లు, కొత్తగా చేరినవాళ్ల ముఖాలు. అది జీతం కోసం. సెలవు రోజుల్లో తెల్లవారకముందే తన పేట ఒడ్డున నిలబడి, వేట నుంచి తిరిగొచ్చే పడవల్ని తీసేవాడు. ఈ ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు గనుక పడవలు వెలుగుకు అడ్డంగా, నల్లగా వస్తాయి. ఆ నలుపులో తాడు మీది నీటి బొట్లు కూడా కనబడేలా తీయడం ఆయన పనితనం. ఎప్పుడో ఒక విదేశీ నావికుడి దగ్గర కొన్న కెమెరా. ముప్పై ఏళ్లు అదొక్కటే.

నేను ప్లాంటులో పరికరాల విభాగంలో చేశాను. కొలిమి వేడిని దూరం నుంచే చూసి కొలిచే పరికరాలుంటాయి. వాటి గాజులు మసకబారితే మెరుగు పొడితో రుద్ది తెల్లగా చేయడం నా పని. రిటైరయ్యాక చేతులు ఊరుకోక పాత కెమెరాలు బాగు చేయడం మొదలుపెట్టాను. ఈ సముద్రపు తేమకు రెండు వానాకాలాలు గడిస్తే ఏ లెన్స్‌కైనా బూజు పడుతుంది. విప్పిన ప్రతి స్క్రూనూ విప్పిన వరసలోనే అట్ట మీద గుచ్చేవాణ్ని. ఏ ముక్క ఎటు తిరిగి ఉందో డైరీలో బొమ్మ గీసుకునేవాణ్ని. నా బల్ల మీద ఒక్క స్క్రూ కూడా మిగిలిపోలేదని నలుగురికీ చెప్పుకునేవాణ్ని.

నవంబరులో బావ తన కెమెరా తెచ్చిచ్చాడు. లోపలి గాజు మీద సాలెగూడులా బూజు. స్పిరిట్‌తో తుడిస్తే పోలేదు. గాజు విప్పి రెండు రోజులు డాబా మీద ఎండలో పెట్టాను. బూజు చచ్చింది, మరక మిగిలింది. మూడో రోజు, ప్లాంటు రోజుల నాటి మెరుగు పొడి డబ్బా తీశాను. ఎన్నో ఏళ్ల అలవాటు, వేలు దానంతటదే గుండ్రంగా తిరిగింది. మరక పోయింది. దాంతోపాటు గాజు మీది పల్చని నీలం పూత కూడా పోయింది. కొలిమి గాజులకు పూత ఉండేది కాదు, ఎంత రుద్దినా భయం లేదు. కెమెరా లెన్స్‌లో ఎదురు వెలుగు చెదరకుండా కాచేది ఆ పూతే. ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి మాత్రం ఇంకా ప్లాంటులోనే ఉంది.

కిటికీ దగ్గర పట్టి చూస్తే మామూలు కళ్లద్దంలా ఉంది. బిగించి ఇచ్చేశాను. ఆయనకు చెప్పలేదు. డైరీలో 'బూజు తీశాను. పని పూర్తి' అని రాశాను.

ఇక ఆ ఆదివారం. భోజనాలయ్యాక బావ సంచీలోంచి ఫోటోలు తీసి మంచం మీద పరిచాడు. అన్నీ పాలలో ముంచి తీసినట్టున్నాయి. సూర్యుడు ఒక పెద్ద తెల్లటి మరక. పడవలు బూడిద రంగు. తాళ్లు లేనే లేవు. ఇది రెండో రీలని, రెండూ ఇలాగే వచ్చాయని ఆయన భార్య చెప్పింది. కంట్లో పొర మొదలయిందని డాక్టరు ఆ మధ్య అన్నాడట. చీకట్లో ఒడ్డుకు వెళ్లొద్దని ఆమె గోల, పడవ లాగడానికి కూడా వెళ్లొద్దని.

"నువ్వయినా సెప్పన్నియ్యా. కళ్లవుపడకుండా ఒడ్డుకెల్లి ఏటి సేత్తాడు?"

బావ ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు.

"సూసి నువ్వే సెప్పు బావ. నా కళ్లేనేటి?"

నా భార్య టీ పోస్తోంది. నేను ఒక్కో ఫోటో తీసుకుని వెలుగు వైపు తిప్పి చూశాను. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది.

"వయసొచ్చింది కదా బావా," అన్నాను. "కళ్లు ఒకసారి గట్టిగా చూపించుకో."

ఆయన ఫోటోలన్నీ సర్ది సంచీలో పెట్టుకున్నాడు. అన్నయ్య కూడా అదే మాటన్నాడు చూశావా అని ఆయన భార్య తేలిగ్గా ఊపిరి తీసుకుంది. వెళ్లేటప్పుడు నా భార్య, గుమ్మం దగ్గర మెట్టుందని ఆయన్ని హెచ్చరించింది. వందసార్లు దిగిన మెట్టు. ఆయన సరేనమ్మా అని గోడ పట్టుకుని దిగాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి జాలరిపేట వెళ్లాను. బోర్లించిన తెప్ప మీద కూర్చుని ఉన్నాడు. కెమెరా లేదు. నేను పక్కన కూర్చుంటే గడ్డంతో సముద్రం వైపు చూపించాడు.

"మా సిన్నాన్నోల పడవ. ముందర ఎర్ర గుడ్డ కట్టినారు, సూసావా."

నాకు నల్లటి చుక్క మాత్రమే కనబడింది. అది చాలా దగ్గరికి వచ్చాక ఎర్ర గుడ్డ చూశాను. అప్పుడు చెప్పాను: పొడి సంగతి, పూత సంగతి, మూడు నెలలు నోరు మూసుకున్న సంగతి.

"తెలుసు బావ. నువ్విచ్చిన రోజే సూసినాను. గాజులో నీలం నేదు."

మరి నిన్న ఎందుకడిగావన్నాను.

"నలుగురూ ఉన్నారని అడిగినాను. మా ఆవిడ నా మాట ఇనదు, నీ మాటైతే ఇంటాది."

పడవ ఒడ్డుకు తగిలింది. అందరూ తాడు పట్టారు. బావ కూడా లేచి వెళ్లి పట్టాడు. ఆయన తమ్ముడు వచ్చి మెల్లగా ఆ చేతులు విడిపించాడు. వదిన రాత్రే చెప్పిందని, కళ్లు బాగయ్యేదాకా కూర్చోమని అన్నాడు. నేను లేచి అతని దగ్గరికి వెళ్లాను. తప్పు నాదని, అన్న కళ్లు బాగానే ఉన్నాయని, లెన్స్ పాడుచేసింది నేనని చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"అన్నియ్య బాదపడతన్నాడని నీ మీదేసుకుంటన్నావ్. మంచోడివి బావ నువ్వు," అని నా భుజం తట్టి తాడు దగ్గరికి వెళ్లిపోయాడు.