నీళ్లలో కొట్టిన సెల్ఫ్

మా నాన్నగారు పెళ్లిళ్లకు వంట చేసేవారు. ఏలూరులో మా వీధిలో మగవాళ్లంతా పౌరోహిత్యమో బడిపంతులు ఉద్యోగమో చేసుకునేవారు, మా ఇంట్లో మాత్రం గరిటె. గుండిగలు, కళాయిలు, గ్యాసు పొయ్యిలు, పిండి రుబ్బే గ్రైండరు మోయడానికి ఆయనకు ఒక చిన్న డీజిల్ పికప్ ఉండేది. ముందు ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, ఇరుక్కుంటే ముగ్గురు. కాగితాల్లో దాని రంగు తెలుపు. నాకు ఊహ తెలిసేసరికే పసుపూ నూనే దుమ్మూ కలిసి దానికి పేరు పెట్టలేని రంగు ఒకటి వచ్చేసింది.

ఆ బండెక్కి పెళ్లికి వెళ్లడమంటే నాకు పెళ్లికన్నా ఇష్టంగా ఉండేది. తెల్లారుతుండగానే నాన్నగారు తాళం సగం తిప్పి, హీటరు దీపం ఆరేదాకా ఓపిగ్గా ఆగేవారు. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ ఒకటి వదిలి, అందుకునేది. వెనక గుండిగల మూతలు గలగలలాడేవి. వీధిలో వాళ్లు నిద్ర లేచేది ఆ చప్పుడుకే. కొందరు విసుక్కునేవారు కూడా. వాళ్ల మీద నాకు ఎంత కోపం వచ్చేదో! మా బండిని ఒక్క మాట అంటే పడేదాన్ని కాదు. నాది మొదటి నుంచీ ముక్కు మీద కోపమే.

నాన్నగారి చెవి గురించి చెప్పాలి. పెళ్లింట్లో సన్నాయి మోగుతున్నా, పిల్లలు గోల చేస్తున్నా, పొయ్యికి వీపు పెట్టి కూరగాయలు తరుగుతూనే "ఆవాలు ఆగాయి, కరివేపాకు వెయ్యి" అనేవారు. ఇంజన్ విషయంలోనూ అంతే. ఒకసారి బండి సరిగ్గా లాగడం లేదని షెడ్డుకు తీసుకెళ్లాం. మా మెకానిక్ షెడ్డు ఏలూరులోనే, కాలవ పక్కన. ఆయన ఇంకా స్పానరు చేతిలోకి తీసుకోకముందే నాన్నగారు కళ్లు మూసుకుని కాసేపు విని, మూడో నాజిల్ డీజిల్ సరిగ్గా కొట్టడం లేదన్నారు. మెకానిక్ నవ్వి, నాజిళ్లకు డీజిల్ వెళ్లే గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. మొదటిది వదిలితే ఇంజన్ కుంటింది. రెండోదానికీ కుంటింది. మూడోది వదిలినా చప్పుడు మారలేదు. అంటే అది అప్పటికే పని చేయడం లేదన్నమాట. ఆ రోజు నుంచి ఆ మెకానిక్ వేరేవాళ్ల బండ్లు వచ్చినా నాన్నగారు కనిపిస్తే చాలు, "ఏవండీ, ఒక్కసారి వినిపెట్టండి" అని ఆపేవాడు. నాన్నగారు పైకి బెట్టు చేసినా లోపల పొంగిపోయేవారు. వంట బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే తల ఊపి ఊరుకునే మనిషి, చెవిని మెచ్చుకుంటే మాత్రం ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవారు.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. కొల్లేటికోట దారిలో చేపల చెరువుల గట్ల మీద, ఇటు నీళ్లు, అటు నీళ్లు. చెయ్యి తప్పితే చేపల్లో పడతాం. మీటరు వంక చూడొద్దనీ, ఇంజన్ గొంతు బరువెక్కినప్పుడు గేరు దించమనీ చెప్పేవారు. వంటకు సాయం వచ్చే ఆడవాళ్లు వెనక గుండిగల మధ్య కూర్చుని దేవుణ్ణి తలుచుకునేవారు. అప్పుడు నేర్పిన మాటల్లో ఒకటి గట్టిగా చెప్పారు. "నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టకు అమ్మడూ. ఇంజన్ గాలి పీల్చే చోట నీళ్లు పీల్చుకుని ఉంటుంది, కొడితే పగిలిపోతుంది. దిగు, నలుగుర్ని పిలు, తోయించు. నామోషీ పడకు." అలాగేనండి అన్నాను. చివరి రెండు మాటలూ నా చెవికెక్కలేదు.

అప్పటికి నేను బడిలో లెక్కల టీచర్ని. సెలవు రోజుల్లో నాన్నగారి వెంట వెళ్లేదాన్ని. ఆ శ్రావణంలో ఆకివీడులో ఒక పెళ్లి. పొద్దున నాన్నగారే బండి నడిపారు, నేను పక్కన కూర్చున్నాను. ఆ మర్నాడు వ్రతం భోజనాలు కూడా ఆయనవే కాబట్టి అక్కడే ఉండిపోయారు. పెద్ద గుండిగలు నాలుగు ఏలూరులో ఇంకో పెళ్లికి కావాలి. మధ్యాహ్నం అవి వేసుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను.

కైకలూరు దాటాక వాన మొదలైంది. కొల్లేరు అప్పటికే నిండి ఉంది, ఒకచోట నీళ్లు రోడ్డెక్కి పారుతున్నాయి. చేపల లారీలు వెళుతున్నాయి కదా అని నేనూ దిగాను. నిదానంగా, మొదటి గేరులో, నాన్నగారు నేర్పినట్టే వెళ్లాను. సగం దూరం బాగానే వచ్చాను. ఎదురుగా వచ్చిన లారీ ఒకటి వేగం తగ్గించలేదు. అది తోసిన నీళ్లు మా బానెట్ మీదకు లేచాయి. ఇంజన్ గుటక వేసినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

నా వెనక ఇంకో చేపల లారీ. దాని మీద ట్రేల పక్కన నలుగురైదుగురు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏమన్నారో నాకు వినపడలేదు. వినపడకపోయినా ఆడది బండి నడిపితే ఇంతే అన్నారని నేనే అనేసుకున్నాను. మోకాళ్ల దాకా చీర తడుపుకుని దిగి, ఆ నవ్వేవాళ్లనే సాయం అడగాలా? నా వల్ల కాలేదు. సెల్ఫ్ కొట్టాను. టక్కుమని ఆగింది. రెండోసారి కొట్టాను. మళ్లీ అంతే. మూడోసారి కొట్టేసరికి ఇంజన్ అందుకుంది. నా మొహం వెలిగిపోయింది కూడా. రెండు క్షణాల తర్వాత గుండిగను గునపంతో పొడిచినట్టు పెద్ద చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. బండి చుట్టూ నీళ్ల మీద నూనె తేలింది.

నేను పిలవకుండానే ఆ కుర్రాళ్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో బండిని పొడి రోడ్డు దాకా తోశారు. వాళ్లలో ఒకడు భయపడకండి అక్కా అన్నాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

నాన్నగారికి ఫోన్ చేశాను. నిజం చెప్పాలనే చేశాను. ఆయన గొంతు వినగానే నా నోరు వేరే మాట అంది. నీళ్లు చక్రాల సగం దాకా కూడా లేవనీ, దాటి వచ్చాక పొడి రోడ్డు మీదే ఆగిపోయిందనీ చెప్పాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"పొద్దున్నుంచీ లోపల టకటకమంటూనే ఉంది కదా నాన్నగారూ" అన్నాను.

అవతల గరిటె పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.

"టకటకా? నాకు వినపడలేదే అమ్మడూ."

"మీకు వినపడలేదా?" అన్నాను.

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు.

వ్రతం వంటలో ఉండి నాన్నగారు మర్నాడు రాలేకపోయారు. షెడ్డులో మెకానిక్ ఇంజన్ హెడ్డు విప్పినప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయిలు నీళ్లు కలిసి పాల టీలా అయిపోయింది. పిస్టన్‌ను తిప్పే కనెక్టింగ్ రాడ్ ఒకటి వంగి, విరిగి, ఇంజన్ బ్లాకు గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. ఆయన వేలు ఆ కన్నంలో పెట్టి చూసి, "అమ్మాయిగారూ, నీళ్లలో సెల్ఫ్ కొట్టారాండీ?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. ఆయన వేలు గుడ్డతో తుడుచుకున్నాడు. నాన్నగారు వచ్చేసరికి బ్లాకు కడిగించేశాడు. పాత ఇంజన్ అండీ, ఎప్పుడో పోవలసిందే, అని చెప్పాడు. ఆడపిల్లను తండ్రి ముందు దోషిగా నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆయన మంచితనం నా అబద్ధానికి సాక్ష్యమైంది.

బ్లాకు పగిలాక బాగుచేయడానికి ఏమీ మిగలదు. తాడేపల్లిగూడెంలో పాత బండ్లు విప్పి అమ్మేచోట ఒక జీపు ఇంజన్ దొరికింది. కామవరపుకోట వైపు మెట్ట ఊళ్లలో జనాన్ని ఎక్కించుకుని తిరిగిన జీపట అది. మా పికప్ ఇంజన్ కన్నా ఒక చెయ్యి బరువు ఎక్కువ. గొలుసు కప్పీకి వేలాడదీసి దింపితే కూర్చోలేదు. మౌంటింగులు కోసి వేరేచోట వెల్డింగు చేశారు, రేడియేటర్ ముందుకు జరిపారు, సైలెన్సర్ గొట్టం వంచి మళ్లీ అతికించారు. గేర్‌బాక్సుకూ దానికీ జత కుదర్చడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కొత్త ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాడు.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు నాన్నగారు కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకొచ్చారు. డీజిల్ గొట్టాల్లో గాలి తీశాక మెకానిక్ సెల్ఫ్ కొట్టాడు. జీపు ఇంజన్ గట్టిగా, లావు గొంతుతో లేచింది. షెడ్డులో అందరూ నాన్నగారి వైపే చూశారు, ఏమంటారోనని. ఆయన కళ్లు మూసుకోలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, "మీరే వినండి" అన్నారు మెకానిక్‌తో. తాళం నాకిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

మళ్లీ ఆయన ఆ బండి నడపలేదు. దూరం వెళ్లాలంటే డ్రైవర్ని పెట్టుకున్నారు, దగ్గరయితే నేను. ఆ లావు ఇంజన్‌తో బండి గుండిగల్ని దూదిలా లాక్కుపోయేది. గూడెం, ఆకివీడు, ద్వారకాతిరుమల కొండ దాకా ఎన్ని పెళ్లిళ్లకు తిరిగామో! వెనక ఆడవాళ్లు పాటలు పాడేవారు, అమ్మ పులిహోర పొట్లం కట్టిచ్చేది. అవి మంచి రోజులేనని ఇప్పటికీ అనిపిస్తుంది, తలుచుకుంటే ఆ నూనె వాసన కూడా తగులుతుంది. కానీ పొయ్యి దగ్గర నాన్నగారు పక్కవాణ్ణి "ఆవాలు ఆగాయా?" అని అడగడం మొదలుపెట్టారు. చెవుల డాక్టరు దగ్గరకు వెళదామని నేనే ఎన్నోసార్లు బతిమాలాను. డాక్టరు బాగున్నాయంటే నా తప్పు ఎవరికీ చెప్పకుండానే తీరిపోతుందని నా ఆశ. ఇంజన్ చెప్పాక ఇంక డాక్టరెందుకు, అని నవ్వేసేవారు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదటి నెల భయం. ఆ తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలన్న భయం. ఆ రెండో భయం ఏటేటా పెరిగింది.

ఈ ఏడు నాన్నగారు వంటలు మానేసి బండి అమ్మేద్దామన్నారు. కైకలూరు నుంచి చేపల మేత మోయడానికని ఒకాయన చూడ్డానికి వచ్చాడు. ఇంజన్ ఎలా ఉందండీ అని అడిగాడు. "నాకు వినికిడి లేదండీ. మా అమ్మాయిని అడగండి. దాని చెవి మంచిది" అన్నారు నాన్నగారు, ఎంతో మామూలుగా.

ఆ వచ్చినాయన వెళ్లాక, వాకిట్లో బండి పక్కనే చెప్పేశాను. ఆ పొద్దున టకటక ఏమీ లేదనీ, నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టాననీ, ఫోన్‌లో నోటికొచ్చింది అనేశాననీ చెప్పాను. ఆయనకు వినపడాలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వీధంతా విన్నారేమో, విననీ అనుకున్నాను.

"ఎన్నిసార్లు కొట్టావ్?" అన్నారు.

"మూడుసార్లండీ."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. స్టార్ట్ చెయ్యి అన్నారు. చేశాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ మీదకు వంగి, చాలా ఏళ్ల తర్వాత కళ్లు మూసుకున్నారు. నేను సీట్లో కూర్చుని, ఏదైనా ఒక్క లోపం చెప్పాలని మొక్కుకున్నాను. నాజిలో, బెల్టో, ఏదో ఒకటి. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత చెయ్యి ఊపి ఆపమన్నారు. ఇంజన్ అప్పటికే దానంతటదే ఆగిపోయి ఉందన్న సంగతి నేను చెప్పలేకపోయాను.

"ఇప్పుడు నిజంగానే వినపడటం లేదమ్మా" అన్నారు. బానెట్ దించి, చేతులు పంచెకు తుడుచుకున్నారు. "వినపడినన్నాళ్లూ వినపడదనే అనుకున్నాను."