సలోమి చేసే ఫోను

ఉద్దానంలోని ఒక డయాలసిస్ కేంద్రంలో కంప్యూటర్ పని చూసే సలోమి, పెదవులు కదుపుతూ టైపు చేస్తుంది. ఎవరికి ఏ రోజు వంతు ఉంటే ఆ ఉదయం వారికి తన గొంతుతో రికార్డు చేసిన ఫోను దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసింది: "ఈయేల రావాల. మర్సిపోకండి." ఒకసారి దాలయ్య అనే ముసలి రోగి రాలేదు. మర్నాడు కాళ్లు వాచి, కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. "ఫోను రానేదేటి తాతా?" అని సలోమి అడిగింది. "వచ్చినాది. ఆయాసంగున్నాది, ఆటో పంపమ్మా అన్నాను. నువ్వు పలక్కుండా పెట్టీసినావు."

ఆ రోజే సలోమి రోగుల జవాబు కూడా రికార్డయ్యేలా మార్చింది. ఇప్పుడు కేంద్రానికి రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్నీ వింటుంది, కావాలన్నవారికి ఆటో పంపుతుంది. తేరుకున్న దాలయ్య మాత్రం "వత్తన్నాను తల్లీ" అని ఊరుకోడు. ఈనిన ఆవు సంగతి, జీడిపూత సంగతి చెబుతాడు. సలోమి నవ్వుకుంటూ చివరిదాకా వింటుంది.