పిన్ను పీకేశాక వెలిగిన దీపం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మా భూపాలపల్లిలో ఎవరైనా వచ్చి, లైటు దానంతటదే వెలుగుతోంది సార్ అంటే టెస్టర్ జేబులో వేసుకుని బయలుదేరేవాణ్ణి. ఎక్కడికి పోయినా లూజు కనెక్షనో, ఎర్తింగ్ లేని బోర్డో, ఎలుక కొరికిన వైరో దొరికేది. దయ్యం మాత్రం ఎన్నడూ దొరకలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. ఖాళీ ఉన్నప్పుడల్లా నేను కంప్యూటర్లో యుద్ధ విమానం నడుపుతాను. అది సిమ్యులేటర్, దాన్ని ఆట అంటే నాకు కోపం వస్తుంది. ఆటలో మీట నొక్కితే విమానం ఎగురుతుంది. ఇందులో అట్లా కుదరదు. బ్యాటరీ వేయాలి. చిన్న స్టార్టర్‌తో పెద్ద ఇంజన్ను తిప్పాలి. జనరేటర్ లైన్లోకి రావాలి, హైడ్రాలిక్ ప్రెషర్ ఎక్కాలి, తను ఎక్కడుందో విమానం లెక్క కట్టుకునేదాకా కదలకుండా కాచుకోవాలి. ఒక జనరేటర్ పోయిందనుకోండి, అసలు విమానంలో దాని వల్ల ఏవేవి ఆగుతాయో ఇక్కడా అవే ఆగుతాయి. కారణం లేకుండా ఏ దీపమూ వెలగదు. నాకు నచ్చింది అదే.

ఇదంతా నాకు నేర్పింది జనగామలో ఉండే రాజేందరన్న. ఇద్దరం ఆన్‌లైన్లో కలిసి ఎగిరేవాళ్లం. ఆయన మాట పట్టుకునే చెక్కపెట్టెకు స్విచ్చులు, దీపాలు బిగించి కాక్‌పిట్ బోర్డు ఒకటి సొంతంగా చేసుకున్నాను.

ఆ బోర్డులో పైన ఒక పసుపు దీపం ఉంటుంది. మాస్టర్ కాషన్ అంటారు. ఏదో తేడా వచ్చింది, చూడు అని చెప్పడం వరకే దాని పని. ఆ తేడా ఎక్కడో చెప్పడానికి కింద చిన్న దీపాల వరస వేరే ఉంటుంది. ఆయిల్, ఇంధనం, ఆక్సిజన్, జనరేటర్, ఇట్లా. పైది వెలిగిందంటే కింద ఒకటైనా వెలిగి తీరాలి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మా బాపు బొగ్గుబాయిలో హాలేజీ ఇంజన్ నడిపేవాడు. లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే ఇంజన్ అది. తాడు అవతలి కొస ఎక్కడో చీకట్లో ఉంటుంది. అక్కడున్న మనుషులు కనబడరు, వాళ్ల మాట వినబడదు. వాళ్లు కొట్టే గంట ఒక్కటే వినబడుతుంది. ఒక్క గంట కొడితే ఆపాలి. రిటైరైన తర్వాత కూడా బాపు అదే మాట చెప్పేవాడు.

"గంట కొట్టినోడు ఎవడు, ఎందుకు కొట్టిండు అని అడుగొద్దు బిడ్డా. ముందుగాల ఆపు. అడుగుడు తర్వాత."

ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టించాం. పక్క గదిలో ఆయన మంచం, ఈ గదిలో నా బోర్డు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆయన పిలిచినా వినబడదు. అసలు పిలవడానికి గొంతులో ఊపిరి ఉంటే కదా. అందుకని ఆయనకు ఒక కాలింగ్‌బెల్ స్విచ్చు ఇచ్చాను. దానికి పొడుగాటి వైరు, వైరు చివర ఇయర్‌ఫోన్‌కు ఉండేలాంటి పిన్ను. పిన్ను తెచ్చి నా బోర్డు వెనక సాకెట్లో పెట్టాను. బాపు స్విచ్చు ఒత్తితే నా ముందు మాస్టర్ కాషన్ వెలుగుతుంది, చెవిలో మోగుతుంది. కింద వరసలో మాత్రం ఏదీ వెలగదు. పైది ఒక్కటే వెలిగిందా, అది విమానం కాదు, బాపు. వెంటనే లేచి పోవాలి.

ఆయనకు అదో సరదా. మంచినీళ్లకు కూడా నొక్కేవాడు. నేను ఉరికొస్తే నవ్వేవాడు. "ఏందిరా, గంత పెద్ద ఇమానం నా ఒక్క గంటకు ఆగిందా?"

ఒకరోజు పొద్దున్నే ఆయనకు ఊపిరి అందలేదు. మిషన్ పెంచినా లాభం లేకపోయింది. అంబులెన్స్ వచ్చి స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే చేతిలో స్విచ్చు వదలనన్నాడు. వేళ్లు విప్పబోతే కళ్లెర్రజేశాడు. సరే అని బోర్డు వెనక పిన్ను నేనే పీకేశాను. వైరంతా చుట్టి ఆయన పొట్ట మీద పెట్టాను. పిన్ను పీకేసిన సంగతి ఆయనకు చెప్పలేదు.

దవాఖానలో డాక్టరు ఏమీ చెప్పలేమన్నాడు. మా అక్క మహబూబాబాద్ నుంచి ఏడుస్తూ వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు, తినలేదు. బాపు ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం అక్క కసిరింది. "నీ మొకం అద్దంల సూస్కున్నవా తమ్మీ? ఇంటికి పోయి తానం జేసి రా. నేనున్న గదా."

ఇంటికొచ్చాను. పక్క గదిలో బాపు మంచం ఖాళీగా ఉంది. దేవుడి ముందు కూర్చునే అలవాటు నాకు లేదు. పోయి బోర్డు ముందు కూర్చున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వేళ నాకు ఒక్క చోటైనా అన్నీ సరిగ్గా పనిచేయడం చూడాలనిపించింది. బ్యాటరీ వేశాను. ఇంజన్లు లేపాను. జనరేటర్లు వచ్చాయి, ప్రెషర్ ఎక్కింది. చిన్న దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. విమానాన్ని రన్‌వే మీదికి తెచ్చి నిలబెట్టాను. బోర్డు మొత్తం చీకటి, అంటే విమానంలో ఏ లోపమూ లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బాపును ఉంచు, ఇంకేమీ అడగను అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

అప్పుడు మాస్టర్ కాషన్ వెలిగింది.

కింద వరస చూశాను. ఒక్క దీపం కూడా లేదు. మామూలుగా మాస్టర్ కాషన్ను ఒకసారి ఒత్తితే ఆరిపోతుంది. ఒత్తాను. ఆరలేదు. చెవిలో మోత ఆగలేదు. బోర్డు వెనక్కి తిప్పి చూశాను. సాకెట్ ఖాళీగా ఉంది. అందులో వేలు పెట్టి మరీ చూశాను.

నేను చదివిన చదువు ప్రకారం అప్పుడు మల్టీమీటర్ తీయాలి. చేయి డ్రాయర్ దాకా పోయింది కూడా. కానీ బాపు మాట గుర్తొచ్చింది. ముందు ఆపు, అడుగుడు తర్వాత. హెడ్‌ఫోన్లు విసిరేసి లేచాను.

అక్కకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. బండి తీశాను. రోడ్డు నిండా బొగ్గు లారీలే. ఒకదాన్ని దాటబోతే డ్రైవరు నన్నూ నా వంశాన్నీ తిట్టాడు. బాపూ, బాపూ అని అరుచుకుంటూ పోయాను.

వార్డులో బాపు మంచం దగ్గర ఎవరూ లేరు. డాక్టరు రాసిన మందుల కోసం అక్క కిందికి పోయింది. ఫోన్ కిటికీలో చార్జింగ్‌కు పెట్టి ఉంది. మంచం తలవైపు పైకి లేచి ఉంది, ఆ లేచిన రేకుకూ ఇనుప కమ్మికీ మధ్య ఆక్సిజన్ ట్యూబు పడి అప్పడంలా నలిగిపోయి ఉంది. బాపు పెదాలు నల్లబడ్డాయి. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

ట్యూబు లాగాను. నర్సమ్మా అని కేకేశాను. ఆమె ఉరికొచ్చి మాస్కు సరిచేసింది. ఎంతసేపటికో ఆ ఛాతీ లేచింది. అప్పుడు చూశాను ఆయన చేయి. బొటనవేలు స్విచ్చు మీద ఉంది, ఒత్తిన ఒత్తుడికి గోరు తెల్లబడింది. వైరు మంచం మీంచి జారి, పిన్ను నేలకు తగులుతోంది.

సాయంత్రానికి మాట్లాడగలిగాడు. ఆశ్చర్యమేమీ లేదు ఆయనకు. "ఒక్కటే గంట కొట్టిన బిడ్డా. ఇడిస్తె నువ్వు ఇమానం ధ్యాసల సూడవని పట్టుకునే ఉన్న." నేను తల ఊపి, బయటికి పోయి ఏడ్చాను.

మర్నాడు ఇంటికొచ్చేసరికి విమానం రన్‌వే మీదే ఉంది. ఇంధనం అయిపోయింది, ఇంజన్లు ఆగాయి, జనరేటర్లు పడిపోయాయి. కింద వరసలో దీపాలు వెలుగుతున్నాయి. వాటిలో ప్రతిదానికీ కారణం ఉంది.

ఈ సిమ్యులేటర్లో మనం నొక్కిన ప్రతి స్విచ్చూ రికార్డవుతుంది. ఆ ఫైలు రాజేందరన్నకు పంపాను. ముందు ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "సాకెట్ల చెమ్మ ఉంటది తమ్మీ, పరేషాన్ గాకు." నేనూ అదే కావాలని కోరుకున్నాను. రెండోసారి ఆయనే ఫోన్ చేశాడు, గొంతు తగ్గించి మాట్లాడాడు. "చెమ్మ అయితే మినుకుమినుకుమంటది. గిది ఎవరో ఒత్తి పట్టుకున్నట్టే ఉన్నదిరా. ఒక్కసారే ఒత్తిన్రు, చానాసేపటికి ఇడిచిన్రు."

విడిచింది ఎప్పుడంటే, సుమారుగా నేను ట్యూబు లాగి, బాపు ఛాతీ మళ్లీ లేచిన వేళకు. సాకెట్లో నీళ్లు చల్లి చూశాను. బట్టతో రుద్ది చూశాను. బోర్డు మొత్తం విప్పి మళ్లీ బిగించాను. ఎంత ప్రయత్నించినా ఆ దీపం నాకు అట్లా వెలగలేదు.

బాపు ఇంటికొచ్చాడు. పిన్ను మళ్లీ సాకెట్లో పెట్టాను. తర్వాతి వానాకాలంలో ఒక పొద్దున, నేను పక్కనే కూర్చుని ఉండగా, పోయాడు. స్విచ్చు చేతిలోనే ఉంది. నొక్కలేదు. నేను అక్కడే ఉన్నాను కదా.

మావాళ్లలో కాల్చరు, బొంద పెడతారు. మట్టి వేసే ముందు వేళ్లు విప్పబోతే అక్క నా చేయి పట్టుకుంది. "ఆయన్నే తీస్కపోనీ తమ్మీ." వైరుతో సహా స్విచ్చు ఆయనతోనే లోపలికి పోయింది.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఐటీఐలో పిల్లలకు మాత్రం కరెంటు దారి లేకుండా పోదనే చెబుతున్నాను. విమానం నడపడం మానేశాను. బోర్డు మాత్రం ఆఫ్ చేయలేదు. కరెంటు పోతే భయమేసి ఇన్వర్టర్ కూడా పెట్టించాను. ఇంట్లో ఉన్నంతసేపూ నా కన్ను ఆ పసుపు దీపం మీదే ఉంటుంది. తేడా ఎక్కడో అది చెప్పదు. మళ్లీ వెలిగితే వెంటనే లేవాలని తెలుసు. లేచి ఎక్కడికి ఉరకాలి?